అమెరికా వెళ్తున్న అమ్మానాన్నలకు: ఆపద వేళ నోటికి రావలసిన ఇంగ్లీషు మాటలు ఏవి?

గుంటూరు అమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పురుటికి వచ్చే నెల నేనూ మావారూ టెక్సాస్ వెళ్తున్నాం. ఆరు నెలలు ఉంటాం. పురుడు వచ్చేదాకా అమ్మాయీ ఉద్యోగానికి వెళ్తుంది, అల్లుడూ వెళ్తాడు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. మావారికి గుండెకు స్టెంట్ వేశారు, షుగరూ బీపీ కూడా ఉన్నాయి. నేను ఇంగ్లీషు చదివితే అర్థం చేసుకోగలను. మాట్లాడవలసి వస్తే మాత్రం గొంతులోంచి మాట రాదు.

అమ్మాయిని అడిగితే "ఏదైనా జరిగితే 911కి ఫోను చెయ్యమ్మా, వాళ్లే వస్తారు" అంటుంది. ఫోను చేయడం నాకూ తెలుసు. అవతల ఎత్తిన మనిషితో ఏమనాలి? వాళ్లు ఏమడుగుతారు? పుస్తకాల షాపులో కొన్న ఇంగ్లీషు పుస్తకంలో హోటల్లో కాఫీ అడగడం, రైలు టికెట్ కొనడం ఉన్నాయి. నాకు కావలసినవి అందులో లేవు. అక్కడ ఉంటున్నవారు దయచేసి చెప్పండి. తెలుగు లిపిలో రాస్తే మావారు కూడా చదువుకుంటారు.

డల్లాస్ నర్సు

అమ్మా, చాలా మంచి ప్రశ్న అడిగారు. నేను ఇక్కడ ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తున్నాను. మన పెద్దవాళ్లు ఆలస్యంగా రావడం ఎన్నోసార్లు చూశాను. ఇంగ్లీషు రాదన్న భయంతో ఫోను చేయకుండా, అల్లుడు మీటింగ్‌లోంచి బయటికి వచ్చేదాకా ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. మీరు అలా చేయకండి. ముందు 911, ఆ తర్వాత అమ్మాయికి.

ఎత్తగానే ఎక్కువగా వినిపించే మాట ఇది: "నైన్ వన్ వన్, వాట్ ఈజ్ ది అడ్రస్ ఆఫ్ ది ఎమర్జెన్సీ?" కొన్నిచోట్ల "వాట్ ఈజ్ యువర్ ఎమర్జెన్సీ?" అంటారు. ఏది అడిగినా మీరు ముందు అడ్రస్ చెప్పండి. సెల్‌ఫోను నుంచి చేస్తే మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో వాళ్లకు సుమారుగా తెలుస్తుంది గానీ ఏ ఇల్లో, ఏ అంతస్తో తెలియకపోవచ్చు. మధ్యలో ఫోను తెగిపోయినా అడ్రస్ చేరి ఉంటే మనిషి వస్తాడు. రోగం గురించి పది మాటలు చెప్పి అడ్రస్ చెప్పకపోతే ఎవరూ రాలేరు.

కాబట్టి మొదటి వాక్యం: "మై అడ్రస్ ఈజ్..." ఇంటి నంబరును ఒక్కొక్క అంకెగా చదవండి. 4417 అయితే "ఫోర్, ఫోర్, వన్, సెవెన్". మనం అలవాటుగా "డబుల్ ఫోర్" అంటాం. ఇక్కడ చాలామందికి అది వెంటనే ఎక్కదు.

రెండవది: "ఐ నీడ్ యాన్ యాంబులెన్స్." మంటలైతే "దేర్ ఈజ్ ఎ ఫైర్." ఎవరైనా తలుపు పగలగొడుతుంటే "సమ్‌వన్ ఈజ్ బ్రేకింగ్ ఇంటు మై హౌస్."

మూడవది ఏం జరిగిందో. "మై హస్బెండ్ హ్యాజ్ చెస్ట్ పెయిన్." అంతే. ఇంకా పొడుగు వద్దు.

తర్వాత వాళ్లు అడుగుతారు: "ఈజ్ హి అవేక్?" అంటే మెలకువగా ఉన్నారా, తెలివిలో ఉన్నారా అని. "ఈజ్ హి బ్రీతింగ్?" అంటే ఊపిరి ఆడుతోందా అని. "హౌ ఓల్డ్ ఈజ్ హి?" వయసు. ఇన్ని ప్రశ్నలు అడుగుతుంటే యాంబులెన్స్ ఆలస్యం అవుతోందని కంగారు పడకండి. మీతో మాట్లాడుతుండగానే బండి బయల్దేరుతుంది. వాళ్లు చెప్పేదాకా ఫోను పెట్టేయవద్దు. "స్టే ఆన్ ది లైన్" అంటే ఫోను పెట్టేయకండి అని అర్థం. "డోంట్ హ్యాంగ్ అప్" అన్నా అదే.

బొబ్బిలి మాస్టారు

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పాను. వ్యాకరణం మీద నాకు ఎంత పట్టింపో నా విద్యార్థులను అడిగితే చెబుతారు. అయినా మీకు నేను చెప్పేది, ఈ ఒక్క విషయంలో వ్యాకరణాన్ని పక్కన పెట్టండి. "హస్బెండ్. చెస్ట్ పెయిన్. కమ్ ఫాస్ట్." ఇది చాలు. "హి" అనబోయి "షి" అన్నా ప్రాణం పోదు.

ప్రాణం మీదకు వచ్చే పొరపాటు ఒకటుంది. దాని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. అది "ఎస్", "నో" అనే రెండు చిన్న మాటల్లో ఉంది.

మనల్ని ఎవరైనా "ఆయన అన్నం తినలేదా?" అని అడిగారనుకోండి. తినకపోతే "అవును, తినలేదు" అంటాం. అడిగినవాడి మాట నిజమేనని ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషులో అలా కాదు. "హి డిడింట్ ఈట్?" అని అడిగితే, తినకపోయినప్పుడు "నో" అనాలి. వాళ్ల "నో" తినలేదన్న సంగతికి చెందినది. మన "అవును" అడిగినవాడి మాటకు చెందినది.

ఇప్పుడు ఇదే ఫోనులో ఊహించండి. అవతలివారు "హి ఈజ్ నాట్ బ్రీతింగ్?" అని అడుగుతారు. మీవారికి ఊపిరి ఆడటం లేదు. మీరు తెలుగులో ఆలోచించి "ఎస్" అంటారు. ఊపిరి ఆడటం లేదనా, ఆడుతోందనా? వినేవారికి తెలియదు. మళ్లీ అడగాలి. అక్కడ అర నిమిషం పోతుంది.

అందుకని ఉత్త "ఎస్", "నో" ఎప్పుడూ అనకండి. పూర్తిగా చెప్పండి. "హి ఈజ్ బ్రీతింగ్." "హి ఈజ్ నాట్ బ్రీతింగ్." ఆ "నాట్"ను గట్టిగా, విడిగా పలకండి. కంగారులో మనం దాన్ని మింగేస్తాం.

పాలకొల్లు కోడలు

మాస్టారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మేము న్యూజెర్సీలో ఉంటాం. రెండేళ్ల క్రితం మామయ్యగారికి రాత్రి ఛాతీలో పట్టేసినట్టుంది. ఆయనది "గ్యాసేనమ్మా" అన్న మాట. మాకూ అదే నమ్మకం. చెమటలు పట్టేసరికి నేనే 911కి చేశాను. నేను ఇక్కడ ఏడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, ఇంగ్లీషుకు లోటు లేదు. అయినా కంగారులో ఆయన అన్న మాటే నోటికి వచ్చింది. "గ్యాస్ ప్రాబ్లం" అన్నాను. వెంటనే అవతలి ఆమె "అందరూ ఇంట్లోంచి బయటికి వెళ్లండి, లైటు స్విచ్ ముట్టుకోవద్దు" అంది. ఆమె వంట గ్యాసు లీకైందనుకుంది. తప్పు ఆమెది కాదు. ఈ దేశంలో ఫోనులో "గ్యాస్" అంటే అదే అర్థం. నేను తేరుకుని "చెస్ట్ పెయిన్, స్వెటింగ్" అని చెప్పేదాకా ఎంతసేపు పట్టిందో ఇప్పుడు గుర్తు లేదు, చాలాసేపు అనిపించింది. మామయ్యగారికి వచ్చింది గుండెపోటే. బతికారు. ఇప్పుడు పాలకొల్లులోనే ఉన్నారు.

అమ్మా, ఇంట్లో మనం రోజూ అనే మాటల్లో సగం ఇంగ్లీషువే. కానీ అవి మన ఇంగ్లీషు మాటలు, వాళ్లవి కావు.

డల్లాస్ నర్సు

ఆ చివరి వాక్యం కోసమే మళ్లీ రాస్తున్నాను. ఇవి నేను ఆసుపత్రిలో మనవాళ్ల నోట విని, డాక్టర్లకు విడమరచి చెప్పవలసి వచ్చిన మాటలు.

"ఆయనకు షుగరు ఉంది" అనడానికి "హి హ్యాజ్ షుగర్" అనకండి. "హి హ్యాజ్ డయాబెటిస్" అనండి. రక్తంలో షుగరు తగ్గి కళ్లు తిరుగుతుంటే "హిజ్ బ్లడ్ షుగర్ ఈజ్ లో". మీటరులో వచ్చిన అంకె చెప్పండి. అమెరికాలోనూ మన దేశంలో వాడే కొలతే. 70 కంటే తక్కువైతే తక్కువ కిందే లెక్క. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే పళ్లరసమో పంచదార నీళ్లో ఇవ్వవచ్చు. తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

"బీపీ ఉంది" అంటే చాలదు. బీపీ అందరికీ ఉంటుంది, అది కొలత పేరు. "హై బ్లడ్ ప్రెషర్" అనాలి. "ఫిట్స్ వచ్చాయి" అనేది ఇక్కడ "సీజర్". "మోషన్స్" అంటే ఎవరికీ అర్థం కాదు, "డయేరియా" అనండి. "గిడ్డీగా ఉంది" కంటే "డిజీ" త్వరగా ఎక్కుతుంది. "కరెంట్ షాక్" కాదు, "ఎలక్ట్రిక్ షాక్". "ఆపరేషన్ అయింది" అంటే అర్థం చేసుకుంటారు, "సర్జరీ" అంటే ఇంకా త్వరగా అర్థం చేసుకుంటారు. మీవారి విషయంలో "హి హ్యాజ్ ఎ హార్ట్ స్టెంట్" అన్న మాట తప్పకుండా నేర్చుకోండి.

రక్తం పలచబడే మందు వాడుతుంటే అది మరీ ముఖ్యం: "హి టేక్స్ ఎ బ్లడ్ థిన్నర్." కింద పడి తలకు దెబ్బ తగిలినప్పుడు ఈ ఒక్క వాక్యం వైద్యాన్నే మార్చేస్తుంది. మందుల చీటీలో మన కంపెనీల పేర్లు కాకుండా లోపలి మందు పేరు రాయించుకోండి. పారాసిటమాల్‌ను ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు.

ఇంకొకటి, పక్షవాతం. "పెరాలిసిస్" అంటే అది పాతదో కొత్తదో వాళ్లకు తెలియదు. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం ఒక్కసారిగా కనిపిస్తే "ఐ థింక్ ఇట్ ఈజ్ ఎ స్ట్రోక్" అనండి. అప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు: "వెన్ వజ్ హి లాస్ట్ నార్మల్?" ఆఖరుసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు అని. మనవాళ్లు "పొద్దున" అంటారు. గంట చెప్పాలి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆ లెక్క లక్షణాలు మీ కంట పడిన సమయం నుంచి మొదలు కాదు, ఆయన ఆఖరుసారి బాగున్న సమయం నుంచి మొదలవుతుంది. పదింటికి కాఫీ తాగుతూ బాగా మాట్లాడారా? "టెన్ ఏ ఎమ్" అనండి.

ఫ్రీమాంట్ పెద్దాయన

ఇంతమంది ఇన్ని వాక్యాలు చెబుతుంటే ఆ తల్లి బెదిరిపోదా? నాకు 74 ఏళ్లు. పదేళ్లుగా కొడుకు దగ్గరే ఉంటున్నాను. నాకు తెలిసిన కిటుకు ఒక్కటే. 911కి ఫోను చేసి "తెలుగు, తెలుగు" అనండి. దుబాసీని కలుపుతారు. మన భాషలో హాయిగా చెప్పుకోవచ్చు. పరాయి భాషలో ఆపద చెప్పుకోవడం ఏమిటి, మన భాషకు ఆ గౌరవం ఇక్కడ దొరుకుతున్నప్పుడు?

డల్లాస్ నర్సు

పెద్దాయనగారూ, మీ మాటను కాదనను. చాలా కేంద్రాల్లో ఫోనులో దుబాసీని కలిపే ఏర్పాటు ఉంటుంది, తెలుగు కూడా దొరుకుతుంది. "తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అనడం అమ్మ తప్పకుండా నేర్చుకోవాలి. అయితే దుబాసీ దొరకడానికి కొంత సమయం పడుతుంది. తెలుగు అన్న పేరే మొదటిసారి వింటున్నవారు అవతల ఉండవచ్చు. అందుకే అడ్రస్, "యాంబులెన్స్", ఆ తర్వాత "తెలుగు". ఈ వరస తప్పవద్దు.

ఆసుపత్రికి చేరాక మాత్రం మీరు చెప్పినట్టే గట్టిగా అడగాలి. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు రోగి భాషలో దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఇది హక్కు. 1964 నాటి పౌర హక్కుల చట్టంలోనే దీనికి మూలం ఉంది. కోడలో మనవడో దొరికారు కదా అని వాళ్లతోనే సరిపెట్టవద్దు. పన్నెండేళ్ల పిల్లవాడి చేత తాతగారి జబ్బు అనువాదం చేయించడం నేను కళ్లారా చూశాను. ఆ పిల్లవాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఫ్రీమాంట్ పెద్దాయన

వరస మాట ఒప్పుకుంటున్నాను. అడ్రస్ ముందు.

మిస్సోరీ విద్యార్థి

ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్నాను. పెద్దవాళ్లకే కాదు, మాలాంటివాళ్లకూ ఈ చర్చ అవసరం. మేము ఇంగ్లీషు వచ్చుననుకుని వస్తాం. పరీక్షల్లో మంచి మార్కులు వచ్చి ఉంటాయి. అరుపుగా వినపడే ఇంగ్లీషు వేరు.

"వాచ్ అవుట్!" "లుక్ అవుట్!" అంటే బయటికి చూడమని కాదు, జాగ్రత్త అని. "హెడ్స్ అప్!" అంటే తల పైకెత్తమని కాదు, ఏదో మీదికి వస్తోంది చూసుకో అని. "డక్!" అంటే వెంటనే తల వంచు. "టేక్ కవర్!" అంటే దేని చాటుకైనా వెళ్లు. "బ్యాక్ ఆఫ్" అంటే వెనక్కి జరుగు.

అన్నిటికంటే ముఖ్యం "ఫ్రీజ్!" ఎక్కడున్నవాడివక్కడే కదలకుండా నిలబడు అని. 1992 అక్టోబరులో లూసియానాలోని బాటన్ రూజ్‌లో యోషిహిరో హట్టోరి అనే జపాన్ విద్యార్థి హాలోవీన్ విందుకు వెళ్తూ పొరపాటున వేరే ఇంటి తలుపు కొట్టాడు. పదహారేళ్ల పిల్లవాడు. ఆ ఇంటాయన తుపాకీ పట్టుకుని "ఫ్రీజ్" అన్నాడు. పిల్లవాడు ఆగకుండా ముందుకు వచ్చాడు. ఇంటాయన కాల్చాడు. కుర్రాడు చనిపోయాడు. ఆ మాటకు అర్థం అతనికి తెలిసి ఉండదని అప్పట్లో చాలామంది అనుకున్నారు. మా సీనియర్ అన్నయ్య నేను దిగిన మొదటి రోజే ఈ సంగతి చెప్పి, "ఇంటి నంబరు రెండుసార్లు చూసుకోకుండా ఎవరి తలుపూ కొట్టకు" అన్నాడు.

పోలీసులు కారు ఆపినప్పుడు కూడా మన అలవాటు ప్రమాదం. మన ఊళ్లో దిగి దగ్గరికి వెళ్లి మాట్లాడటం మర్యాద. ఇక్కడ దిగకూడదు. కిటికీ దించి రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టాలి. లైసెన్స్ జేబులోనో సొరుగులోనో ఉంటే చెయ్యి పెట్టే ముందే చెప్పాలి: "మై లైసెన్స్ ఈజ్ ఇన్ మై పాకెట్. మే ఐ రీచ్ ఫర్ ఇట్?" సరే అన్నాక నెమ్మదిగా తీయాలి.

అమ్మా, మీరు వెళ్లేది టెక్సాస్ కాబట్టి ఒకటి చెప్పాలి. సుడిగాలి హెచ్చరికలు ఫోనుకు పెద్ద చప్పుడుతో వస్తాయి. "టోర్నడో వాచ్" అంటే రావడానికి అనువైన వాతావరణం ఉంది, సిద్ధంగా ఉండమని. "టోర్నడో వార్నింగ్" అంటే కంటికి కనపడింది లేదా రాడార్‌లో తేలింది, ఇప్పుడే దాక్కోమని. నేను మొదట్లో ఈ రెండింటినీ తారుమారుగా అనుకున్నాను. వార్నింగ్ వస్తే కింది అంతస్తులో కిటికీలు లేని లోపలి గదిలోకి, స్నానాల గది అయినా సరే, వెళ్లిపోండి.

కరీంనగర్ – దుబాయ్

అందరూ అమెరికా గురించే రాస్తున్నారు. మా ఊరి నుంచి గల్ఫ్‌కు వచ్చినవాళ్లకు పట్టుమని పది ఇంగ్లీషు మాటలు రావు. ఎమిరేట్స్‌లో పోలీసుకు 999, యాంబులెన్స్‌కు 998, మంటలకు 997. నేను ఫోర్‌మన్‌ని. మా సైట్‌లో కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు మొదటి వారంలోనే మూడు మాటలు నేర్పుతాను. "స్టాప్!" అది అందరి కంటే ముందు. "నాట్ సేఫ్." "ఐ యామ్ డిజీ."

ఈ మూడోది ఎందుకంటే, ఎండదెబ్బ తగిలే ముందు కళ్లు తిరుగుతాయి, మనిషి సిగ్గుపడి చెప్పడు. పరంజా మీద ఉండగా కళ్లు తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. "మిడ్‌డే బ్రేక్" అన్న మాట తెలిసినవాడు అడగగలడు. తెలియనివాడు పైనే ఉంటాడు. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు, మీ తమ్ముడో బావో గల్ఫ్‌కు బయల్దేరుతుంటే పచ్చళ్లతో పాటు ఈ మాటలు కూడా కట్టి పంపండి.

లెస్టర్ వాసి

ఇంగ్లండ్ గురించి కొంచెం. ఇక్కడ 999. 1937లో లండన్‌లో మొదలైంది. 112 కొట్టినా కలుస్తుంది. ఎత్తగానే "ఎమర్జెన్సీ, విచ్ సర్వీస్ డు యు రిక్వయర్?" అంటారు. జవాబు ఒక్క మాట: "యాంబులెన్స్" లేదా "పోలీస్" లేదా "ఫైర్". ఆ తర్వాతే మిగతా కథ. ప్రాణాపాయం లేని జబ్బులకు 111.

మాట్లాడితే ప్రమాదమైన పరిస్థితి కూడా ఉంటుంది. ఇంట్లో కొట్టే మనిషి పక్క గదిలోనే ఉన్నప్పుడు, దొంగ కింద తిరుగుతున్నప్పుడు. ఇక్కడ సెల్‌ఫోను నుంచి 999 చేసి, మాట్లాడలేకపోతే వాళ్లు చెప్పినప్పుడు 55 నొక్కితే పోలీసులకు కలుపుతారు. అయితే అది మీరు ఎక్కడున్నారో దానంతట అది చెప్పదు. మా వీధిలో కొత్తగా పెళ్లై వచ్చిన ఒక అమ్మాయికి ఇది నేనే చెప్పాను. ఎందుకు చెప్పవలసి వచ్చిందో ఇక్కడ రాయను.

గుంటూరు అమ్మ

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మావారు కూడా పక్కన కూర్చుని అన్నీ చదివారు. ఆయన "గ్యాస్" దగ్గర ఆగిపోయారు, ఎందుకంటే ఛాతీలో ఏమనిపించినా ఆయనా అదే మాట అంటారు.

ఇంకా కొన్ని సందేహాలు. అమ్మాయి వాళ్లది అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు. "ఫస్ట్ ఫ్లోర్" అంటే చాలు కదా? పొరపాటున 911 నొక్కితే ఏమవుతుంది? ఇండియాకు ఫోను చేయడానికి 91 కొట్టాలి కదా, అందుకని భయం. ఆఖరిది అడగడానికి మొహమాటంగా ఉంది. యాంబులెన్స్ వస్తే చాలా డబ్బు అవుతుందని విన్నాం. పిల్లల మీద భారం వేసినట్టు అవుతుందేమో.

పాలకొల్లు కోడలు

అమ్మా, అంతస్తు సంగతి అడిగి మంచి పని చేశారు. అమెరికాలో నేల మీద ఉన్నదే ఫస్ట్ ఫ్లోర్. మన మొదటి అంతస్తు వాళ్లకు సెకండ్ ఫ్లోర్. అమ్మాయి ఎవరి లెక్కలో చెప్పిందో కనుక్కోండి. "ఫ్లాట్ నంబరు" అనకుండా "అపార్ట్‌మెంట్ నంబర్" అనండి. గేటుకు తాళం అంకెలు ఉంటే అవి కూడా కాగితం మీద ఉండాలి: "ది గేట్ కోడ్ ఈజ్..."

పొరపాటున కలిస్తే గబుక్కున పెట్టేయకండి. పెట్టేస్తే ఏదో జరిగిందనుకుని తిరిగి చేస్తారు, లేదా పోలీసును పంపుతారు. "సారీ, ఇట్ ఈజ్ ఎ మిస్టేక్. నో ఎమర్జెన్సీ" అని చెప్పి, వాళ్లు సరే అన్నాక పెట్టేయండి. ఎవరూ తిట్టరు.

డల్లాస్ నర్సు

డబ్బు గురించి మొహమాటం వద్దమ్మా, అందరి మనసులో ఉండే ప్రశ్నే. యాంబులెన్స్ ఖరీదైనదే, అబద్ధం చెప్పను. అందుకే బయల్దేరే ముందు సందర్శకుల బీమా తీసుకోండి. ఆయనకు ముందునుంచీ గుండె జబ్బు ఉంది కాబట్టి పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తారో పత్రం చదివి, అడిగి తెలుసుకోండి. ఇంకో సంగతి. 1986లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడి అత్యవసర విభాగాలు డబ్బుతో నిమిత్తం లేకుండా రోగిని పరీక్షించి, ప్రాణాపాయం ఉంటే నిలకడకు తేవాలి. బిల్లు తర్వాత వస్తుంది, దాన్ని తగ్గించమనీ వాయిదాల్లో కడతామనీ అడగవచ్చు. గుండెపోటులో పోయిన గంటను ఏ వాయిదాల్లోనూ తెచ్చుకోలేం.

ఆసుపత్రిలో "డేట్ ఆఫ్ బర్త్?" అని ప్రతి మనిషీ అడుగుతారు. మన పెద్దవాళ్లకు బడిలో రాయించిన తేదీ ఒకటి, అసలు పుట్టిన రోజు ఒకటి. పాస్‌పోర్టులో ఉన్నదే చెప్పండి. నెలను అంకెతో కాకుండా పేరుతో చెప్పండి. ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. మన 5-8 వాళ్లకు మే 8 అవుతుంది.

ఇక మీరు అడగని విషయం ఒకటి. గుండె ఆగి మనిషి పడిపోతే యాంబులెన్స్ వచ్చేలోపు ఛాతీ నొక్కమని ఫోనులోనే చెబుతారు. ఆ మాటలు ముందే విని ఉంటే చేతులు ఆడతాయి. "పుట్ ది ఫోన్ ఆన్ స్పీకర్." "లే హిమ్ ఫ్లాట్ ఆన్ హిజ్ బ్యాక్." వెల్లకిలా నేల మీద పడుకోబెట్టమని. "పుష్ హార్డ్ అండ్ ఫాస్ట్ ఇన్ ది సెంటర్ ఆఫ్ ది చెస్ట్." ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కమని. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం రెండు అంగుళాల లోతు. "కౌంట్ అవుట్ లౌడ్" అంటే పైకి లెక్కపెట్టమని. తెలుగులో లెక్కపెట్టినా ఫరవాలేదు, వాళ్లకు కావలసింది లయ.

ఊపిరి గురించి కూడా జాగ్రత్త. గుండె ఆగిన మనిషి గురక పెట్టినట్టు, అప్పుడప్పుడు నోరు తెరిచి గాలి కోసం ఎగపోసినట్టు కనిపిస్తాడు. మనం ఊపిరి ఉందనుకుంటాం. అది ఊపిరి కాదు. "ఈజ్ హి బ్రీతింగ్ నార్మల్లీ?" అని అడిగితే "నాట్ నార్మల్. హి ఈజ్ గ్యాస్పింగ్" అనండి. ఈ ఒక్క జవాబుతో వాళ్లు వెంటనే ఛాతీ నొక్కించడం మొదలుపెడతారు.

బొబ్బిలి మాస్టారు

అమ్మా, ఇక చదవడం ఆపి పలకడం మొదలుపెట్టండి. మీ ఇద్దరిలో ఒకరు 911 మనిషి, ఒకరు ఫోను చేసేవారు. ఒకరు వంటింట్లో, ఒకరు హాల్లో ఉండి గొంతు పెంచి మాట్లాడుకోండి. ముఖం కనపడకూడదు, ఎందుకంటే ఫోనులో మన తలాడింపు ఎవరికీ కనపడదు. రోజుకు రెండుసార్లు, బయల్దేరే దాకా. అర్థం గుర్తుండటం వేరు, నోటికి రావడం వేరు. ఎక్కాలు మనకు ఎలా వచ్చాయో ఇవీ అలాగే రావాలి. మీవారు కూడా ఫోను చేసేవారిగా తప్పకుండా చేయాలి. ఆపద మీకే రావచ్చు.

గుంటూరు అమ్మ

మాస్టారూ, ఆ ఆఖరి మాట చదివాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. ఇన్నాళ్లూ ఆయనకు ఏమవుతుందోనని నేను నేర్చుకుంటున్నాను గానీ, నాకే ఏదైనా అయితే ఆయన ఫోను చేయాలన్న ఆలోచనే రాలేదు.

నాలుగు రోజులుగా చేస్తున్నాం. నేను వంటింట్లోంచి "వాట్ ఈజ్ ది అడ్రస్?" అని అరుస్తాను. ఆయన హాల్లోంచి చెబుతారు. మొదటి రోజు "నా పేరు ఫలానా, మాది గుంటూరు" అని మొదలుపెట్టారు. నిన్నటికి అడ్రస్ ముందుకు వచ్చింది. "నాట్" గట్టిగా పలుకుతున్నారు. నేనే ఇంకా ఒక్కోసారి ఉత్త "ఎస్" అంటున్నాను.

ఫ్రిజ్‌కు అంటించడానికి పెద్ద అక్షరాలతో కాగితం రాశాను, తెలుగు లిపిలో:

మై అడ్రస్ ఈజ్ ... అపార్ట్‌మెంట్ నంబర్ ... గేట్ కోడ్ ...
ఐ నీడ్ యాన్ యాంబులెన్స్.
మై హస్బెండ్ / మై వైఫ్. చెస్ట్ పెయిన్.
హి హ్యాజ్ ఎ హార్ట్ స్టెంట్. హి టేక్స్ ఎ బ్లడ్ థిన్నర్. హి హ్యాజ్ డయాబెటిస్.
తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్.

చుక్కలు పెట్టినచోట నింపడానికి రాత్రి అమ్మాయికి ఫోను చేశాను. వాళ్లది మన లెక్కలో మొదటి అంతస్తేనట, అంటే అక్కడ సెకండ్ ఫ్లోర్. దిద్దుకున్నాను. వీధి పేరు "వి"తో మొదలవుతుందో "డబ్ల్యు"తో మొదలవుతుందో మాత్రం నాకు ఫోనులో తెలియలేదు. రెండూ ఒకేలా పలుకుతున్నాం. దాన్ని విడమరచి చెప్పే పద్ధతి ఏదైనా ఉందా మాస్టారూ?

బొబ్బిలి మాస్టారు

ఉందమ్మా. "వి యాజ్ ఇన్ విక్టర్." "డబ్ల్యు యాజ్ ఇన్ వాటర్." ఆ రెండింటిలో ఏదో అమ్మాయిని అడిగి, ఆ ఒక్కటీ కాగితం మీద ఎర్ర సిరాతో రాయండి.